బోడెలుకకు ఒక గది

సికింద్రాబాదు పేరు ప్రపంచ విజ్ఞానచరిత్రలోకి ఒక దోమ మూలంగా ఎక్కింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనికవైద్యుడు ఇక్కడ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అందులో మలేరియా పరాన్నజీవి పెరుగుతున్న ఆనవాలు పట్టుకున్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పని జరిగిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉన్నది. ఆ రోజుల్లో దొరలు వ్రాసుకున్న పులివేట కథలు కోకొల్లలు. మానవజాతికి అక్కరకు వచ్చిన విషయం మాత్రం, మనం విసుగుతో అరచేతుల మధ్య చరిచి పారేసే ఒక పురుగులో దొరికింది. అల్పప్రాణిని ఓపికగా చూడటమనే విద్యలో ఈ ఊరివాళ్ళం నలుగురికీ దారి చూపవలసినవాళ్ళం. ఆదివారంనాడు జూలో మన నడవడి చూస్తే మాత్రం అలా తోచదు.

సికింద్రాబాదు నుండి ట్యాంకుబండు మీదుగా వెళ్ళి, మూసీ దాటి బహదూర్‌పురా చేరితే నెహ్రూ జంతుప్రదర్శనశాల వస్తుంది. జంటనగరాలవాళ్ళు దాన్ని జూ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచిన ఈ జూ మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలలో పరచుకొని ఉన్నది. లోపలికి వచ్చిన కుటుంబం మొట్టమొదట అడిగేది పులి ఎక్కడ, సింహం ఎక్కడ, ఏనుగు ఎక్కడ అని. పులి పడుకొని ఉంటే అది లేవదేమిటని విసుక్కుంటుంది. నిశాచర జంతువుల గృహం దగ్గరకు వచ్చేసరికి ఆ చీకటే పిల్లలకు ఆటవిడుపు, ఈలలు మొదలవుతాయి. పెద్దలు సెల్‌ఫోను దీపం వెలిగించి అద్దం మీద వేళ్ళతో కొడతారు. ఆపైన "ఏమీ లేదు, పదండి" అంటూ బయటపడతారు.

నిజానికి లోపల చాలా ఉన్నది. దేవాంగపిల్లి ఉన్నది, పునుగుపిల్లి ఉన్నది, గబ్బిలాలు ఉన్నాయి. ఇవి రాత్రి తిరిగే జీవులు. వచ్చేవాళ్ళేమో పగలు వస్తారు. అందుకని ఇటువంటి గృహాలలో రాత్రిపూట దీపాలు వెలిగించి, పగటిపూట మసకచీకటి కల్పించి, వాటి రేయింబవళ్ళను తారుమారు చేస్తారు. మనం చూడటం కోసం ఒక ప్రాణి తన కాలాన్నే తలక్రిందులు చేసుకున్నది. దానికి బదులుగా మనం ఇవ్వవలసినది పది నిమిషాల నిశ్శబ్దం. అది కూడా ఇవ్వలేకపోతున్నాం.

జూలో ఏ జంతువు ఉండాలన్న ప్రశ్నకు ఇంతవరకు మనకు తెలిసిన జవాబు ఒక్కటే: జనం దేనిని చూడాలనుకుంటే అది. ఈ జవాబు తప్పని నా అభిప్రాయం. ఆ జంతువు లోకాన్ని మనం ఇక్కడ కట్టి ఇవ్వగలమా, లేదా అన్నదే అసలు ప్రశ్న కావాలి. అడవిలో పులి తిరిగే మేర చదరపు కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది. దాన్ని ఏ నగరమూ కట్టి ఇవ్వలేదు, ఏదో సర్దిపెట్టగలదు, అంతే. కొన్ని చిన్న ప్రాణుల లోకాన్ని మాత్రం, శ్రద్ధ ఉంటే, చాలామట్టుకు కట్టి ఇవ్వవచ్చు. అటువంటివాటిలో, దూరదేశానిదే అయినా, ఒకదాన్ని ఇక్కడ పరిచయం చేస్తాను.

ఇంగ్లీషువాళ్ళు దాన్ని నేకెడ్ మోల్‌రాట్ అంటారు. మనకు దానితో పరిచయం లేదు కనుక పేరూ లేదు. బోడెలుక అని నేను పెట్టుకున్నాను. బోడి అన్న మాటకు మన భాషలో మర్యాద తక్కువ. బోడి సలహా, బోడి పెత్తనం అంటాం. ఈ జీవికి ప్రపంచంలో దొరికే మర్యాదా అంతే కాబట్టి పేరు కుదిరిందనే అనుకుంటున్నాను. ఇథియోపియా, కెన్యా, సోమాలియా దేశాల ఎండునేలల కింద ఉంటుంది. వేలెడు పొడుగు, ముడతలు పడిన గులాబిరంగు చర్మం, అక్కడక్కడ ఒక్కొక్క వెంట్రుక, ఉన్నాయో లేవో తెలియని కళ్ళు. పళ్ళు పెదవులకు బయటనే ఉంటాయి. పళ్ళ వెనుక పెదవులు మూసుకొని మన్ను తవ్వుతుంది కనుక నోట్లోకి మన్ను పోదు. ఎడ్వర్డ్ రూపెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1842లో దీన్ని లోకానికి వర్ణించి చెప్పాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్న మనిషి జెన్నిఫర్ జార్విస్. ఆమె ఈ ఎలుకల గుంపులను పట్టి తెచ్చి, పెంచి, ఏళ్ళ తరబడి చూసి, 1981లో ఒక సంగతి ప్రకటించింది. వీటి సంసారం తేనెపట్టు వంటిది. గుంపులో సుమారు డెబ్బై ఎనభై, ఒక్కొక్కచోట మూడు వందల వరకు ఉంటాయి. పిల్లలను కనేది మాత్రం ఒక్క రాణి. ఒకటి రెండు మగవి ఆమెకు జోడు. మిగిలినవన్నీ సొరంగాలు తవ్వుతాయి, దుంపలు మోస్తాయి, పిల్లలను చూసుకుంటాయి, పాము వస్తే ఎదురు వెళతాయి. చీమలకు, చెదలకు, తేనెటీగలకు చెల్లిన ఈ పద్ధతి పాలిచ్చి పెంచే జంతువులో ఉంటుందని అంతవరకు ఎవరూ చూపలేదు.

ఆపైన ఒక్కొక్క వింతే బయటపడింది. మిరపకాయలో మంటపుట్టించే పదార్థం దీని చర్మానికి బాధ కలిగించదు. గుంటూరువాళ్ళు కూడా దీనికి దండం పెట్టవలసినదే. ప్రాణవాయువు బొత్తిగా లేని గాలిలో 18 నిమిషాలుండి మళ్ళీ తేరుకుంటుందని 2017లో చూపారు. మామూలు ఎలుక మూడు నాలుగేళ్ళు బ్రతకటమే గొప్ప, ఇది 30 ఏళ్ళు దాటి బ్రతుకుతుంది. వయసు మీరినకొద్దీ చావు అవకాశం పెరగటమనే నియమం దీని విషయంలో కనబడటం లేదని 2018లో మూడు వేలకు పైగా జంతువుల లెక్కలు చూసి చెప్పారు. 2021లో తేలిన విషయం మనవంటి యాసల ప్రియులకు మరీ నచ్చుతుంది. ప్రతి గుంపుకూ తనదైన యాస ఉన్నది. పసికూనను వేరే గుంపులో పెంచితే అది ఆ గుంపు యాసనే నేర్చుకుంటుంది. రాణి పోతే యాస చెదిరిపోతుంది, కొత్త రాణి కుదురుకున్నాక మళ్ళీ కుదురుకుంటుంది.

ఇక దీన్ని పెంచటం ఎలాగో చూడండి. వెచ్చదనం ముప్పై డిగ్రీల దరిదాపుల్లో నిలకడగా ఉండాలి, గాలిలో చెమ్మ ఉండాలి. బొచ్చు లేని ఒళ్ళు తన వేడిని తాను నిలుపుకోలేదు, చలి వేస్తే ఒకదానిమీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. పారదర్శకమైన గొట్టాలు సొరంగాలుగా, వాటిని కలుపుతూ గదులు. ఒక గది పడకకు, ఒకటి తిండికి, ఒకటి మలవిసర్జనకు. ఏది ఏ గదో అవే నిర్ణయించుకుంటాయి, పెంచేవాడు కాదు. తాగటానికి నీళ్ళు పెట్టనక్కరలేదు, చిలగడదుంప, క్యారెట్ వంటివాటిలోని నీరే వాటికి చాలు. మలవిసర్జన గదిని అద్దంలా కడిగేయకూడదు. అందులో దొర్లి అంటించుకున్న వాసనే వాటి కుటుంబపు గుర్తు. ఆ వాసన లేనిది పరాయిది, పరాయిది కనబడితే చంపేస్తాయి. మనకు శుభ్రమని తోచినది వాటికి ప్రాణాపాయం కావచ్చు.

అన్నిటికంటె ముఖ్యం అదురు లేకపోవటం. గొట్టానికి తలుపు చప్పుడు తగిలినా, అద్దం మీద వేలు పడినా, ఆ కదలిక వాటి ఒంటిని తాకుతుంది. కళ్ళు పనిచేయని జీవికి అదురే వార్త. పిల్లలు పుట్టిన రోజుల్లో గుంపు బెదిరిందంటే కూనలను నోట కరచుకొని గది నుండి గదికి పరుగులు తీస్తాయి, ఆ గందరగోళంలో కూనలు చచ్చిపోతాయి. రాణి చనిపోతే వారసత్వపు యుద్ధం. నెలల తరబడి ఆడవి పోరాడుకుంటాయి, కొన్ని చనిపోతాయి. అప్పుడు పెంపకందారు చేయగలిగినది చాలా తక్కువ: గాయపడినదాన్ని ఎప్పుడు తీయాలి, తీస్తే మళ్ళీ గుంపు చేర్చుకుంటుందా అని తూచుకోవటం. చేయి పెట్టటం కంటె చేయి పెట్టకపోవటం కష్టమైన విద్య. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ జంతుప్రదర్శనశాల వీటి గదిలో కెమెరా అమర్చి, ఇంటర్నెట్ ద్వారా లోకమంతా చూసే వీలు కల్పించింది. చూసేవాడు ఇంట్లో ఉంటాడు, అద్దం మీద కొట్టడానికి అతనికి అద్దమే ఉండదు.

శ్రద్ధగా పెంచటం వల్ల కలిగిన మరొక లాభం చెప్పాలి. బోడెలుకకు క్యాన్సర్ రానే రాదని చాలాకాలం చెప్పుకున్నారు. 2016లో అమెరికా జూలలో పెరిగిన రెండు బోడెలుకలలో క్యాన్సర్‌ను పశువైద్యులు గుర్తించి ప్రకటించారు. క్యాన్సర్ వీటిలో మిక్కిలి అరుదన్న మాట నిలిచింది, రానే రాదన్న మాట తప్పింది. ఎలుకే గదా అని పక్కకు తోసివేయకుండా, ఆ రెండిటినీ శ్రద్ధగా పరీక్షించినవాళ్ళు ఉండబట్టే ఆ నిజం తెలిసింది.

ఇదంతా ధనికదేశాల ముచ్చట, మనకెక్కడ కుదురుతుంది అనేవారికి జవాబు మన జూలోనే ఉన్నది. దాని పేరు మూషిక జింక. పేరులోనే మూషికం ఉన్నది గానీ ఎలుక కాదు. అడుగు ఎత్తు, మూడు కిలోల లోపో ఆపైనో బరువు, ఒంటి మీద తెల్లని చుక్కలూ చారలూ. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. నెమరు వేస్తుంది, కానీ ఆవుకు మల్లే కడుపులో నాలుగు గదులు కాక మూడే. రాత్రి తిరుగుతుంది, ఒంటరిగా ఉంటుంది, అలికిడి అయితే రాయిలా బిగుసుకుపోతుంది. నల్లమల వంటి అడవుల్లో ఒకప్పుడు ఉండి, వేట వలన, అడవి తరగటం వలన కంటికి కనబడకుండా పోతూ వచ్చిన జీవి.

2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ, హైదరాబాదులోని సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల, నెహ్రూ జూ కలిసి దీని సంతతిని పెంచే పని మొదలుపెట్టాయి. ఆరంభంలో ఉన్నవి ఆరే ఆరు. పట్టుకొని పరీక్షించబోతే బెదిరే ప్రాణి కనుక, దాన్ని తాకకుండా, అది వేసిన పెంటికలలోని హార్మోనులను కొలిచి, చూలు ఎప్పుడు, ఎద ఎప్పుడు అని తెలుసుకున్నారు. సుమారు ఐదు నెలలు మోసి ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్ళీ జతకడుతుంది. అంటే ఎదిగిన ఆడ మూషిక జింక దాదాపు ఎల్లప్పుడూ చూలుతోనే ఉంటుంది. అటువంటి ప్రాణి ముందు ఈల వేయటమంటే ఏమిటో ఆలోచించండి. ఇటువంటి సంతతి కేంద్రాలను సందర్శకుల కంటికి దూరంగా నడపాలన్న పద్ధతి అందుకే పుట్టింది. ఆ ఆరు, వందలలోకి పెరిగాయి. 2017లో వాటిలో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు.

మన జూ చరిత్రలో నేను గర్వంగా చెప్పుకొనే పని ఇది. అయినా ఎంతమందికి గుర్తున్నది? 2021 మే నెలలో ఇదే జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్లు తేలితే దేశమంతా మాట్లాడుకున్నది. అది సహజమే, నేను తప్పు పట్టను. ఆ సింహాల నమూనాలను పరీక్షించినదీ ఆ లాకోన్స్‌వారే. ఎనిమిది సింహాల దగ్గు అందరికీ తెలిసింది, ఎనిమిది మూషిక జింకలు అడవికి తిరిగి వెళ్ళిన కబురు మాత్రం కొందరితోనే ఆగిపోయింది. జూ అనేది ఎందుకు ఉండాలి అని ఎవరైనా అడిగితే, చూపవలసిన సాక్ష్యం ఆ రెండవదే.

నా వాదనకు ఎదురు వచ్చే మాటలు నాకు తెలియనివి కావు. మొదటిది: టిక్కెట్టు కొనేవాడు పులి కోసం కొంటాడు, ఎలుక కోసం కాదు, ఆ డబ్బు లేకపోతే మూషిక జింకకూ మేత ఉండదు. నిజమే. పులిని తీసివేయమని నేను అనటం లేదు. పులి కోసం వచ్చినవాడికి మరొకటి చూడటం నేర్పే భారం జూ మీద ఉన్నదంటున్నాను. రెండవది ఇంకా బలమైనది: చిన్నదానికి చిన్న బోను చాలుననే సాకుతో దాన్నీ బంధించమంటారా? అడవిలో బోడెలుకల సొరంగాలు అన్నీ కలిపితే మూడు నాలుగు కిలోమీటర్లు సాగుతాయి. గాజుగొట్టాలు అందులో ఏపాటి? దీనికి నా దగ్గర సంపూర్ణమైన జవాబు లేదు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఆ ఎలుక అంతదూరం తవ్వేది దుంప దొరకక. తిండి, వెచ్చదనం, కుటుంబం, చీకటి, నిశ్శబ్దం దొరికినప్పుడు అది దశాబ్దాల పాటు బ్రతికి, పిల్లలను కని, యాస కూడా నిలుపుకుంటున్నది. ఈ అయిదింటిలో చివరిదాన్ని ఇచ్చే స్తోమత మనకు లేకపోతే, అప్పుడు దాన్ని తేకపోవటమే న్యాయం.

అందుచేత బోడెలుకను విమానమెక్కించి హైదరాబాదు తెప్పించమని నేను కోరటం లేదు. మన నేల కింద మన తవ్వుడు జీవులున్నాయి. ఇంగ్లీషులో బ్యాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుండే వెళ్ళింది. మన భాష ప్రపంచానికి ఇచ్చిన కొద్ది మాటలలో అది ఒకటి. మాటను ఇచ్చాం గానీ, ఆ జీవి కలుగులో ఏం చేస్తుందో, ధాన్యం ఎలా దాస్తుందో మన పిల్లల్లో ఎందరు చూశారు? వినాయకచవితినాడు దేవుడి పాదాల దగ్గర ఎలుకకు పసుపు కుంకుమ పెడతాం, నిమజ్జనం అయిన మర్నాడు బోను పెడతాం. చట్టమూ మనలాగే ఆలోచించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని అయిదవ షెడ్యూలు ఎలుకలను, చుంచెలుకలను, పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువుల జాబితాలో వేసింది. 2022 సవరణ ఆ జాబితానే తీసివేసింది. పంట తినే ఎలుకను పట్టవద్దని నేను రైతుకు చెప్పను. శత్రువునైనా తెలుసుకొని ఉండటం మేలు గదా అంటున్నాను.

జూవారికి నా విన్నపాలు నాలుగే. నిశాచర గృహంలోకి ఒక్కసారి కొద్దిమందినే పంపండి, ఫోనుదీపం వెలిగిస్తే వెంటనే బయటకు పంపండి. లోపల ఉన్న ప్రతి జీవికీ మంచి తెలుగులో, ఉర్దూలో పలకలు పెట్టండి: పేరు, బరువు మాత్రమే కాదు, అది ఈ వేళ ఎందుకు కదలటం లేదో కూడా వ్రాయండి. చూపకూడని మూషిక జింకల కేంద్రంలో ఒక కెమెరా పెట్టి, ద్వారం దగ్గర ఒక తెర మీద చూపండి. మన పందికొక్కు కలుగును నిలువుగా కోసినట్లు అద్దం వెనుక కట్టి, ఆ సంసారాన్ని పిల్లల కంటి ఎత్తులో ఉంచండి. వీటిలో ఏదీ పులి మేత ఖర్చును మించదని నా నమ్మకం.

ఇక మన వంతు. పెంచేవాళ్ళ పేర్లు మనకు తెలియవు. పెంటికలు ఏరి డబ్బాల్లో వేసి ప్రయోగశాలకు పంపినవారు, ఈనిన తల్లి దగ్గరకు వెళ్ళకుండా దూరం నుండే లెక్క వ్రాసుకున్నవారు, ఏ వార్తలోనూ కనబడరు. వాళ్ళ పని మనం చూడగలిగినది కాదు, చెడగొట్టగలిగినది మాత్రమే. కాబట్టి ఈసారి ఆ చీకటి గదిలోకి వెళ్ళినప్పుడు ఫోను జేబులో పెట్టి, పిల్లవాడి చెయ్యి పట్టుకొని, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా నిలబడండి. అయిదు నిమిషాలు పడుతుంది. కొమ్మ మీద గుడ్డిదీపంలా రెండు కళ్ళు మెల్లగా మీవైపు తిరుగుతాయి. తిరగకపోయినా సరే, అది నిద్రపోతున్నదని పిల్లవాడికి చెప్పండి, ఏమీ లేదని మాత్రం చెప్పకండి.